పేరు పెట్టి పిలవని ప్రయాణం

“మరి నా మంచం నానమ్మ వాళ్ళింట్లో ఉంది కదా!” అంది లువానా.

మూడేళ్ళ పిల్ల. పధ్నాలుగో వరుసలో నడిమి సీట్లో కూర్చుని, బిస్కెట్టు నములుతూ, కాళ్ళాడిస్తూ అంది. విమానం ఇంకా లీమాలో నేల మీదే ఉంది. తలుపులు వేస్తున్నారు.

“ఏ మంచమే?” అంది ఫియొరెల్లా. ఎనిమిది నెలల అడ్రియెల్ ఆమె ఒళ్ళో వెనక్కి విరుచుకుపడి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. కూతురి మాట సగం వినబడింది, సగం వినబడలేదు.

“గులాబీ రంగు దుప్పటిది. నాన్న చెప్పాడు. నేను నానమ్మ దగ్గరే ఉండి కోళ్ళకి గింజలేస్తానంట. నువ్వూ తమ్ముడూ మనింటికెళ్ళిపోతారంట.”

ఈసారి పూర్తిగా వినబడింది.

ఫియొరెల్లా తల తిప్పి నడవకి అవతల సీట్లో ఉన్న అత్తగారిని చూసింది. జోయిలా తన ఎత్తు టోపీని ఒళ్ళో పెట్టుకుని, ఎదుటి సీటు వెనక అంటించిన కాగితాన్ని శ్రద్ధగా చదువుతోంది. ఆవిడకి కళ్ళద్దాలు లేనిదే అక్షరం కనబడదు. కళ్ళద్దాలు సంచిలో ఉన్నాయి.

ఫియొరెల్లా ఒక చేత్తో కొడుకుని అదిమి పట్టుకుని రెండో చేత్తో ఫోన్ తీసింది. టికెట్లు కొన్నది మొగుడు విల్డర్. పంపిన రోజున ఆమె పై సగం మాత్రమే చూసుకుంది. బుధవారం, లీమా నుంచి అత్తగారి ఊరు కహమార్కాకి: పెద్దవాళ్ళు ఇద్దరు, పాప ఒకతె, ఒళ్ళో బిడ్డ ఒకడు. ఇప్పుడు కిందికి జరిపింది. ఆదివారం, తిరుగు ప్రయాణం: పెద్దవాళ్ళు ఒకరు. ఒళ్ళో బిడ్డ ఒకడు. అంతే.

మళ్ళీ చూసింది. లువానా పేరు లేదు.

“అత్తయ్యా.”

“ఊఁ.”

“ముత్తాతకి పిల్లల్ని చూపించి వద్దామన్నారు. నాలుగు రోజులన్నారు.”

“చూపిద్దాం. ఎవరొద్దన్నారు?”

“లువానాకి తిరుగు టికెట్టు లేదేంటి?”

జోయిలా టోపీ అంచు సవరించింది. “ఆ సంగతి విల్డర్ నీతో చెప్తానన్నాడమ్మా.”

“చెప్పలేదు.”

“వాడంతే. చిన్నప్పట్నుంచీ నోట్లో నాలిక లేదు వాడికి.”

“మీకుంది కదా! రెండు వారాలు నా ఇంట్లో ఉన్నారు. నా వంటింట్లో నా పక్కనే నిలబడి బంగాళదుంపలు ఒలిచారు. ఒక్క మాట అనలేకపోయారా?”

“అంటే ఒప్పుకునేదానివా?”

“ఒప్పుకోను!”

“అందుకే అన్లేదు.”

ఎయిర్ హోస్టెస్ వచ్చి ఫోన్ ఆపమంది. మొగుడికి ఫోన్ చేసి నాలుగు దులిపేద్దామనుకున్న ఫియొరెల్లా నోరు మూసుకుని ఫోన్ ఆపింది. బేకరీలో రాత్రి డ్యూటీ చేసి ఈ వేళకి హాయిగా నిద్రపోతుంటాడు మహానుభావుడు. ఆ నిద్ర తలుచుకుంటే ఆమెకి ఇంకా మండింది.

విమానం కదిలింది. అడ్రియెల్ గొంతు కూడా దానితోపాటే లేచింది.

కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒక నిట్టూర్పు విడిచాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో కంప్యూటర్ సంచి. తనిఖీ దగ్గర వరుసలో ఉన్నప్పుడే ఈ కుటుంబాన్ని చూసి, వీళ్ళు నా పక్కన పడకూడదు దేవుడా అని మొక్కుకుని ఉంటాడు. అలాంటి మొక్కులు ఎప్పుడూ చెల్లవు.

“ఏమ్మా,” అన్నాడాయన ఎయిర్ హోస్టెస్‌తో, “ఇంకెక్కడైనా సీటుందా?”

“విమానం నిండిపోయింది సార్.”

“గంటా పావు ఇలా కూచోవాలా?”

జోయిలా పక్క సీట్లోంచి ఎతెల్వీనా అనే ఆవిడ ముందుకి వంగింది. జున్ను వ్యాపారం ఆవిడది, నెలకి రెండుసార్లు ఈ దారిలో తిరుగుతుంది. గొంతు సంతలో పెరిగిన గొంతు.

“ఏం బాబూ, నువ్వు పుట్టగానే చొక్కా తొడుక్కుని లెక్కలు చేశావా? నువ్వూ ఇలాగే ఏడ్చుంటావు. మీ అమ్మని అడుగు.”

వెనక వరుసల్లో నవ్వులు. పెద్దమనిషి కిటికీ వైపు తిరిగిపోయాడు.

మా కొండవాళ్ళకో గుణం ఉంది. పసిబిడ్డ ఏడుస్తుంటే ఊరుకోలేరు. సలహా చెప్పకుండా అసలే ఊరుకోలేరు. విమానం మేఘాల్లోకి ఎక్కేలోపు పదమూడో వరుస నుంచి ఒకావిడ పాలివ్వమంది. పదహారో వరుస నుంచి ఇంకొకావిడ పాలిస్తే కక్కుతాడు, వీపు నిమరమంది. ఎవరో టోపీ తీసెయ్యమన్నారు. ఎవరో ఇంకో టోపీ పంపించారు. వేయించిన మొక్కజొన్న గింజల పొట్లం ఒకటి చేతులు మారుతూ లువానా దగ్గరికొచ్చి ఆగింది. ఆ పిల్ల అవి నాలుగు పెద్దమనిషి కంప్యూటర్ సంచి మీద వరసగా పేర్చి, “ఇవి నీకు,” అంది.

“నాకొద్దు పాపా.”

“తిను. ఏడవకు.”

ఫియొరెల్లా పాలు పట్టబోయింది. వాడు నోరు తిప్పేసుకున్నాడు. ఆమె కిడ్నీ రోగుల ఆసుపత్రిలో నర్సు. రోజుకి పన్నెండు మందికి సూదులు గుచ్చినా చెయ్యి వణకని మనిషి. ఇప్పుడు సొంత బిడ్డ నోటికి రొమ్ము అందించడం చేతకావడం లేదు.

“చెవుల నొప్పి. గుటక వేస్తే పోతుంది,” అంది, ఎవరితోనో తెలియకుండా.

“చెవులు కాదు,” అంది జోయిలా. “విమానం ఎక్కకముందు నుంచీ ఏడుస్తున్నాడు. తనిఖీ దగ్గర నా వీపున వాణ్ణి కట్టుకున్న మూట విప్పించారు చూడు, అప్పట్నుంచీ. వెచ్చగా పడుకున్న పిల్లాణ్ణి లాగి ఆ దీపాల కిందికి తెచ్చారు. బెదిరాడు. నువ్వు పిలిచావా?”

“ఏంటి పిలిచేది?”

“పేరు పెట్టి పిలిచావా, అక్కణ్ణించి వచ్చేటప్పుడు?”

మా కొండల్లో పసిబిడ్డల ప్రాణం ఒంటికి వదులుగా ఉంటుందంటారు. బెదిరిందా, బెదిరిన చోటే ఆగిపోతుంది. అందుకే ఎక్కణ్ణించి బయల్దేరినా తల్లో నానమ్మో వెనక్కి తిరిగి, పోదాం రా నాయనా, ఇక్కడ ఉండిపోకు అని పేరు పెట్టి పిలిచి మరీ బయల్దేరుతుంది. నమ్మినవాళ్ళూ పిలుస్తారు, నమ్మనివాళ్ళూ పిలుస్తారు. పిలిస్తే పోయేదేముంది?

“నేను పిలవలేదు,” అంది ఫియొరెల్లా. “నాకలాంటివి రావు. నేను లీమాలో పుట్టాను. మీరు పిలవలేదా?”

జోయిలా మళ్ళీ ఎదుటి కాగితం వైపు తిరిగింది.

“పిలవలేదా అత్తయ్యా?”

“బూట్లు విప్పమన్నారు. టోపీ తియ్యమన్నారు. ఆ గోలలో నువ్వు పిలిచుంటావనుకున్నా. తల్లివి కదా!”

“అయ్యో, పిలవకుండా ఎలా వచ్చారమ్మా!” అంది ఎతెల్వీనా. గుండె మీద చెయ్యి వేసుకుంది. “ప్రాణం లీమాలో, ఒళ్ళు ఆకాశంలో. ఏడవడా మరి?”

వార్త వెనక వరుసలకి పాకింది. పిల్లాడి ప్రాణం లీమాలో ఉండిపోయిందట. ఆ ఉండిపోవడం అన్న మాట వినగానే ఫియొరెల్లా మనసులో ఉన్నది బయటికొచ్చేసింది.

“వాడి సంగతి సరే. నా కూతురు సంగతి చెప్పండి. దాన్ని మీ ఇంట్లో వదిలేసి రమ్మంటారు, అంతేగా?”

“వదిలెయ్యడమేంటి? నేను పరాయిదాన్నా? సోమవారం నీ డ్యూటీ మొదలు. విల్డర్‌కి రాత్రంతా బేకరీ పొయ్యి దగ్గర పని. పిల్లల్ని చూసే ఆ పక్కింటావిడ ఊరెళ్ళిపోయింది. ఇద్దర్నీ ఎవరు చూస్తారు? బడికి పోయే ఈడొచ్చేదాకా ఒకదాన్ని నేను పెంచుతానన్నా. తప్పా? ఐదుగుర్ని పెంచాను, ఒక్కడూ చెడిపోలేదు.”

“మీ కొడుకు నాకు అబద్ధం చెప్పి టికెట్టు కొన్నాడు. బాగానే పెంచారు.”

ఎతెల్వీనా నవ్వు ఆపుకోవడానికి నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది.

“నన్నూ పంపించారత్తయ్యా,” అంది ఫియొరెల్లా. గొంతు తగ్గింది. “నాలుగేళ్ళప్పుడు. ఇకా అనే ఊళ్ళో మా అమ్మ వాళ్ళ అక్క దగ్గరికి. రెండు నెలలే అన్నారు. ఐదేళ్ళు ఉంచారు. మా పెద్దమ్మ మంచిదే. అన్నం పెట్టింది, బడికి పంపింది. తొమ్మిదేళ్ళకి మా అమ్మ వచ్చి తీసుకెళ్తే, బస్సులో ఆవిణ్ణి ఏమని పిలవాలో తెలీక, ఏవండీ అన్నాను. మా అమ్మని. ఏవండీ, మంచినీళ్ళున్నాయా అన్నాను.”

జోయిలా ఆమె వైపు చూసింది.

“ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు.”

“మీరడగలేదు.”

అడ్రియెల్ ఏడుస్తూనే ఉన్నాడు. లువానా పెద్దమనిషి మోచేతి మీద తల పెట్టి నిద్రపోయింది. ఆయన కాసేపు ఓర్చుకున్నాడు. రెండుసార్లు నిట్టూర్చాడు. చెయ్యి మాత్రం లాక్కోలేదు.

ఇంకో అరగంటలో దిగిపోవాలి. దిగగానే బావగారు కారు తెస్తారు, నేరుగా ఆ మంచం ఉన్న ఇంటికే. అక్కడ ఆడపడుచులూ చినమామగార్లూ అందరూ ఉంటారు. అంతమందిలో ఎవరితో పోట్లాడగలదు? పోనీ ఆదివారం పిల్లని లాక్కుని విమానం ఎక్కేద్దామంటే దానికి టికెట్టు లేదు. ఫియొరెల్లాకి ఏడుపొచ్చింది. కొడుకు ఏడుపులో తన ఏడుపు కలిసిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

పైలట్ గొంతు వినిపించింది.

కహమార్కా మీద మబ్బు దట్టంగా ఉంది, విమానాశ్రయం కనబడటం లేదు, కాసేపు చుట్టూ తిరిగి చూస్తాం అన్నాడు. తిరిగాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. కిటికీల్లో తెల్లదనం తప్ప ఏమీ లేదు. వానాకాలంలో మాకిది మామూలే, అయినా ప్రతిసారీ అందరూ సిలువ గుర్తు వేసుకుంటారు. నాలుగో చుట్టులో పైలట్ మళ్ళీ మాట్లాడాడు. క్షమించాలి, లీమాకి తిరిగి వెళ్తున్నాం.

విమానమంతా ఒక్క గొంతుతో మూలిగింది.

ఫియొరెల్లా ఒక్కతే మూలగలేదు. ఆమెకి ఒళ్ళంతా తేలికైపోయింది. బావగారి కారు లేదు, మంచం లేదు, ఆడపడుచులు లేరు. నిద్రపోతున్న కూతురి కాలు పట్టుకుంది. ముఖంలోకి నవ్వొస్తుంటే దాచుకోవడానికి పిల్లాడి నెత్తి మీద మొహం పెట్టుకుంది.

అప్పుడు గమనించింది. వాడు ఏడవడం లేదు.

ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాడో, చెవులు కుదుటపడ్డాయో, తల్లి గుండెల్లో దడ తగ్గడం వాడికి తెలిసిందో. రొమ్ము పట్టుకుని నాలుగు గుక్కలు తాగి కళ్ళు మూసుకున్నాడు. నర్సు మనసు చెవులే అని చెప్పింది. వెనక వరుసలు వేరే చెప్పాయి.

“చూశారా! విమానం అటు తిరిగిందో లేదో, వాడు ఊరుకున్నాడు.”

“ప్రాణం దగ్గరికే పోతున్నాం కదా మరి!”

“అమ్మా, మీ మనవడి కోసం నూట యాభై మందిని వెనక్కి తిప్పారు. ఈసారి ముందే పిలుచుకోండి తల్లీ!”

“నా మీటింగు పోయింది,” అన్నాడు పెద్దమనిషి, ఎవరూ అడక్కుండానే. తిమ్మిరెక్కిన చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో మొక్కజొన్న గింజ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

లీమాలో చక్రాలు నేలని తాకగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కిన చోటే దిగినా సరే, దిగినందుకు కొట్టాల్సిందే.

రేపటి విమానానికి పేర్లు రాసుకోవడానికి అందరినీ కౌంటరు దగ్గరికి పొమ్మన్నారు. వరుస బయటి హాలు దాకా సాగింది. జోయిలా మాత్రం వరుసలో నిలబడలేదు. మనవడి టోపీ చేతిలో పట్టుకుని తనిఖీ ద్వారం వైపు నడిచింది. ఎతెల్వీనా వెంట నడిచింది. ఫియొరెల్లా చంకలో కొడుకుతో, చేతిలో కూతురితో వెనకే వెళ్ళింది.

“లోపలికి పోవడానికి లేదమ్మా,” అన్నాడు కాపలా అతను.

“పోను బాబూ. ఇక్కణ్ణించే పిలుచుకుంటా.”

టోపీని లోపలికి చూపించి, తన వైపుకి లాక్కుంటున్నట్టు ఊపింది. “అడ్రియెల్! రా నాయనా. ఇక్కడ ఉండిపోకు. పోదాం రా, మీ అమ్మ ఇక్కడుంది.”

తనిఖీ చేసేవాళ్ళు తలెత్తి చూశారు. కాపలా అతను అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

“కాస్త గట్టిగా పిలవండి పెద్దమ్మా. లోపల గోలగా ఉంది, వినబడదు. మాదీ కొండ ఊరే, పూనో.”

గట్టిగా పిలిచింది. ఎతెల్వీనా సంత గొంతుతో కలిపింది. మూడోసారి పిలుస్తుంటే ఫియొరెల్లా పెదవులు కూడా కదిలాయి. పక్కనున్నవాళ్ళకి వినబడలేదు, పిల్లాడికి వినబడి ఉంటుంది. జోయిలా టోపీ తెచ్చి వాడి నెత్తిన పెట్టి అదిమింది. వాడు కళ్ళు తెరిచి, ఎతెల్వీనా చెవి రింగు పట్టుకుని లాగాడు.

“వచ్చేశాడు దొంగ!” అంది ఎతెల్వీనా.

లువానా ఇదంతా నోరు తెరుచుకుని చూస్తోంది.

“నానమ్మా, తమ్ముడి ప్రాణం ఇక్కడే ఉండిపోయిందా?”

“ఉండిపోయింది తల్లీ. ఇప్పుడొచ్చింది.”

“ఎందుకుండిపోయింది?”

“దానికి రావాలని లేక.”

లువానా ఆలోచించింది. తల్లి చెయ్యి వదలకుండా ఆలోచించింది.

“నాది కూడా రాదు నానమ్మా,” అంది. “రేపు మీ ఇంటికొస్తే అది అమ్మ దగ్గరే ఉండిపోతుంది. నువ్వు పిలిచినా రాదు. అది అమ్మని వదలదు.”

ప్రాణం వెనక ఉండిపోయిన పిల్లలు ఎలా అవుతారో జోయిలాకి ఎవరూ చెప్పక్కర్లేదు. తిండి సహించదు, నిద్రలో ఉలికిపడతారు, చిక్కి సగమవుతారు. పిలిచి తేగలిగిన ప్రాణాలు వేరు. తల్లి చెయ్యి పట్టుకుని రానని చెప్పే ప్రాణాన్ని ఏ టోపీ ఊపి పిలవాలి? ఆవిడ నమ్మినదే ఆవిడకి అడ్డంపడింది.

ఇప్పుడు తను ఒక్క మాటంటే ఆ ముసలిది మొండికేస్తుందని ఫియొరెల్లాకి తెలుసు. పిల్లల్ని తీసుకుని వరుసలో నిలబడింది.

కౌంటరు దగ్గర వాళ్ళ వంతు వచ్చింది.

“రేపు పొద్దున్న విమానానికి,” అంది కౌంటరులో అమ్మాయి, “పెద్దవాళ్ళిద్దరు, పాప ఒకతె, ఒళ్ళో బిడ్డ ఒకడు. అంతేనా?”

ఫియొరెల్లా అత్తగారి వైపు చూసింది.

“కాదు,” అంది జోయిలా. “నేనొక్కదాన్నే. వీళ్ళు ఇంటికి పోతారు.”

ఫియొరెల్లా కౌంటరు పట్టుకుంది. పొద్దుట్నుంచీ బిగబట్టినదంతా కళ్ళలోంచి కారిపోయింది. కూతురు నాదే, నా ఇంట్లోనే, రేపు పొద్దున్న లేచి నన్నే అమ్మా అంటుంది. పక్క కౌంటరులో పెద్దమనిషి ఇటు చూసి, ఏం చెయ్యాలో తోచక, జేబు రుమాలు తీసి అందించాడు.

“ముత్తాతకి ఫోటోలు చూపిస్తా,” అంది జోయిలా. “పిల్లలు రాలేదని ఆయన ఏడవడు. నువ్వు ఏడవకు.”

“అత్తయ్యా...”

“ఆగు, ఇంకా అవలేదు. నాకు రెండావులున్నాయి. ఒకటి చెల్లెలికి అప్పజెప్పాలి, ఒకటి అమ్మెయ్యాలి. కూరకి పెంచే గినీ పందుల్ని బుట్టలో తెచ్చుకుంటా. మీ డాబా మీద నీడ ఏ వైపుంటుంది?”

ఫియొరెల్లా రుమాలు దించింది. “డాబా మీదా? ఎందుకు?”

“పిల్లని బడికి పోయేదాకా పెంచుతానన్నా. అన్నానా లేదా? మాట మాటే. ఎక్కడ పెంచుతానన్నది మారింది, అంతే.”

ఏడుపు ఆగిపోయింది. రెండు గదుల ఇల్లు. ఒక వంటిల్లు. రెండు వారాలకే ఉప్పు డబ్బా ఎక్కడుండాలన్న దాని మీద నాలుగుసార్లు మాటామాటా అయింది. బడికి పోయేదాకా అంటే లువానా ఒక్కతేనా, చంకలో వాడు కూడానా?

“ఇల్లు నీది,” అంది జోయిలా. ముఖం పక్కకి తిప్పుకుంది. ఈ మాట అనడం ఆవిడకి తేలిగ్గా లేదు. “నీకు చెప్పకుండా ఒకసారి చేశా, చాలు. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు. ఆవుని అమ్మాక చెప్పకు.”

వెనక వరుసలో జనం కదిలారు. కానివ్వండమ్మా అన్నారెవరో. ఎతెల్వీనా వాళ్ళని కసిరి ఊరుకోమంది, అసలు సంగతి వినాలని.

“పెద్దావిడకి తిరుగు టికెట్టు వెయ్యమంటారా?” అంది కౌంటరు అమ్మాయి. “ఏ తేదీకి?”

“ఆవు అమ్ముడుపోయాక,” అంది జోయిలా.

“కంప్యూటరులో తేదీ కావాలమ్మా.”

జోయిలా కోడలి వైపు చూసింది. పోట్లాడే చూపు కాదు. ఆ ఇంటికొచ్చిన రెండు వారాల్లో మొదటిసారి ఆవిడ కోడలి మాట కోసం ఆగింది.

ఫియొరెల్లా కొడుకుని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆదివారానికి వెయ్యండి,” అంది. “సోమవారం నా డ్యూటీ.”

“ఆదివారం లోపల ఆవునెవరు కొంటారే?”

“అది మీరు చూసుకోండత్తయ్యా. ఉప్పు డబ్బా మాత్రం నేను పెట్టిన చోటే ఉంటుంది.”

కౌంటరు అమ్మాయి ఇద్దరి మొహాలూ చూసి, ఇంక ఎవరినీ అడక్కుండా ఆదివారం అని కొట్టేసింది.